మూడింటిలో పలకని సిలిండర్ ఏది?

మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఒక పాత కారు ఉంటుంది. పోర్టికోలోనో, పెరట్లో రేకుల షెడ్డు కిందో ఉంటుంది. పైన టార్పాలిన్ కప్పి ఉంటుంది. పెద్దాయన కళ్లకి ఆపరేషన్ అయింది, నడపడం మానేశారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. అలా ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. ఒకరోజు ఎవరికో దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనిపిస్తుంది. కొత్త బ్యాటరీ తెచ్చి వేస్తారు. తాళం తిప్పుతారు. ఇంజన్ అందుకుంటుంది. అందరికీ సంతోషమే. కానీ అర నిమిషంలో తేడా తెలిసిపోతుంది. కారంతా వణుకుతోంది. సైలెన్సర్ శబ్దంలో మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే లాగడం లేదు. మెకానిక్‌లు దీన్నే మిస్సింగ్ అంటారు.

ఈరోజు ఈ మిస్సింగ్ గురించి మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సామాన్లు కొనకముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మీ చెవులు, ఒక ప్లగ్ స్పానర్, కాస్త ఓపిక ఉంటే చాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక ఆగి వినాలి. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. ఇది పాటించకపోవడం వల్లే చాలామందికి డబ్బు పోతుంది. ప్లగ్గులు మారుస్తారు, మిస్సింగ్ పోదు. వైర్లు మారుస్తారు, పోదు. కాయిల్ మారుస్తారు, పోదు. చివరికి "ఇంజన్ బోరుకొచ్చింది సార్, అమ్మేసుకోండి" అనే మాట వినబడుతుంది. నిక్షేపంలా ఉన్న ఇంజన్లు ఆ ఒక్క మాటతో తుక్కు కిందకి పోతున్నాయి. చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అందరికీ తెలిసిన కారునే తీసుకుందాం. మారుతి 800. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు ఢిల్లీలో యజమాని చేతికి అందాయి. 2014 జనవరి వరకు తయారైంది. అందులో ఉండేది 796 సి.సి. ఇంజన్. మూడు సిలిండర్లు. పాతవాటిలో కార్బొరేటర్ ఉంటుంది. మీ ఇంట్లో ఉన్నది అంబాసిడర్ అయినా, ప్రీమియర్ పద్మిని అయినా ఫరవాలేదు. వాటికి నాలుగు సిలిండర్లు, అంతే తేడా. పద్ధతి ఒక్కటే.

మూడు సిలిండర్లంటే, ఇంజన్‌ని నడిపించే పని మూడు చోట్ల వంతులవారీగా జరుగుతుంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగేలోపు ఒక్కో సిలిండర్ ఒక్కసారి పేలుతుంది. స్లో స్పీడులో ఇంజన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతోంది అనుకోండి. ఒక్కో సిలిండర్ నిమిషానికి 450 సార్లు పేలాలి. మూడూ కలిసి 1,350 సార్లు. అంటే సెకనుకి 22 సార్లకి పైనే. ఇందులో ఒక సిలిండర్ పలకడం మానేసిందంటే మూడో వంతు పని పోయినట్టే. అందుకే మారుతి 800లో ఒక్క సిలిండర్ తప్పినా స్టీరింగ్ దగ్గర్నించి అద్దాల దాకా వణుకుతుంది.

సిలిండర్ పలకాలంటే ఏం కావాలి? గాలి, పెట్రోలు సరైన పాళ్లలో కలిసి లోపలికి రావాలి. ఆ మిశ్రమం బాగా నొక్కుకుపోవాలి. సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు దగ్గర గట్టి నిప్పురవ్వ పుట్టాలి. ఇంతే. మిశ్రమం, ఒత్తిడి, నిప్పురవ్వ. కారు ఎంత పాతదైనా మిస్సింగ్‌కి కారణం ఈ మూడింటిలో ఎక్కడో ఉంటుంది.

మరి ఊరికే నిలబెట్టిన కారులో ఇవి ఎందుకు చెడతాయి? అరిగిపోవడానికి అది తిరగనే లేదు కదా? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. నడిచే కారు ఒకలా పాడవుతుంది. నిలబడ్డ కారు ఇంకోలా పాడవుతుంది.

ముందు పెట్రోలు సంగతి. పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలిగ్గా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి ఎన్నో అందులో కలిసి ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడానికి పనికొచ్చేవి ఆ తేలికవే. ట్యాంకులో నెలల తరబడి ఉంటే ముందుగా ఎగిరిపోయేవీ అవే. మన ఎండాకాలంలో, రేకుల షెడ్డు కింద, ఇది మరీ త్వరగా జరుగుతుంది. మిగిలిన పెట్రోలు గాలి తగిలి చిక్కబడి, జిగురు కడుతుంది. వాసనే మారిపోతుంది. పాత వార్నిష్ డబ్బా మూత తీస్తే వచ్చేలాంటి పుల్లటి వాసన వస్తుంది.

ఇప్పటి పెట్రోల్‌లో ఇంకో విషయం కూడా ఉంది. ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మన బంకుల్లోకి రావడం మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల అదే దొరుకుతోంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నించి విడిపోయి, ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజన్‌కి పెట్రోలు వెళ్లే గొట్టం లాగేది ఆ అడుగు నించే. ఇంకా ఒకటి. పాత కార్ల రబ్బరు గొట్టాలు, పంపులోని పల్చటి రబ్బరు పొర, గ్యాస్కెట్లు, ఇవన్నీ ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగుళ్లిస్తాయి. కాబట్టి పాత కారుని లేపుతున్నప్పుడు పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించండి. సామాన్లు కొనొద్దని ఇప్పుడే చెప్పానుగా, మరి ఇదేమిటి అంటారేమో. ఇది లోపం వెతకడం కోసం కాదు. కారుకి నిప్పంటుకోకుండా ఉండడం కోసం. పగిలిన గొట్టం వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుస్తుంది.

కార్బొరేటర్ సంగతి చూద్దాం. కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఉన్న పెట్రోలు ఆరిపోయి గోధుమరంగు జిగురుగా మారుతుంది. లోపల జెట్లని ఉంటాయి. పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలు. స్లో స్పీడుకి ఒక జెట్టు, పరుగుకి ఒక జెట్టు. స్లో స్పీడు జెట్టు రంధ్రం చాలా సన్నం. జిగురు ముందుగా పట్టేది దానికే.

ఇక కరెంటు వైపు. కాకినాడ, విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలి ఉంటుంది. ఉప్పుతేమ. కరెంటుని వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపలి ఇత్తడి కొనల మీద, కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్ల మీద పొర కట్టేస్తుంది. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్తు పట్టీ పచ్చగా చిలుము పడుతుంది. ఇంకో శత్రువు ఎలుక. కోతలయ్యాక పొలాల నించి ఊళ్లోకొచ్చే ఎలుకలకి బానెట్ కింద వెచ్చటి చోటు దొరుకుతుంది. ప్లగ్గు వైర్లు కొరుకుతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు పెడతాయి. కాబట్టి తాళం తిప్పేముందు ఆ డబ్బా మూత తీసి చూడండి. గడ్డీ, గుడ్డపీలికలూ ఉంటే తీసేయండి.

ఇంజన్ లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరిచి ఉండిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఆ దారిన తేమ లోపలికి పోతుంది. వాల్వు కాడకి తుప్పో జిగురో పట్టి బిగుసుకుంటుంది. పిస్టన్ రింగులు కూడా తమ గాడుల్లో అతుక్కుపోతాయి. అప్పుడు ఆ సిలిండర్లో ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే ప్లగ్గు ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

అందుకే స్టార్ట్ చేసే ముందు రోజు చేయాల్సిన పని ఒకటుంది. మూడు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండర్లో చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోయండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి, ఇంజన్ తిరిగే వైపే, చేత్తో మెల్లగా రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయకండి. ఆగిపోండి, మెకానిక్‌ని పిలవండి. హాయిగా తిరిగితే ఇంజన్ బిగుసుకోలేదన్నమాట. టైమింగ్ బెల్టు కూడా చూపించుకోండి. అది రబ్బరు. కారు తిరగకపోయినా దాని వయసు ఆగదు.

ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తారు. తెల్లటి పొగ వస్తుంది. నీలిరంగులోనూ ఉండొచ్చు. మనం పోసిన ఆయిలే కాలుతోంది, కంగారుపడకండి. ఆ ఆయిల్ ప్లగ్గులకి అంటుకుని మొదట్లో మిస్సింగ్ రావడం కూడా మామూలే. కాబట్టి మొదటి పది నిమిషాలు ఏ తీర్పూ ఇవ్వకండి. ఇంజన్ వేడెక్కనివ్వండి. అప్పటికీ వణుకు తగ్గకపోతేనే వెతుకులాట మొదలుపెడదాం.

దానికి ముందు జాగ్రత్తలు చెప్పాలి. ఇవి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఇంజన్‌ని మూసిన షెడ్డులో నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషి ప్రాణం తీస్తుంది. కారుని ఆరుబయటికి తోయండి. ప్లగ్గు వైర్లలో 10,000 వోల్టులకి పైగా వస్తుంది. పొడి గుడ్డతో కాదు, మంచి రబ్బరు పిడి ఉన్న పట్టకారుతోనే వాటిని పట్టుకోండి. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఈ పని అసలు చేయకూడదు, దగ్గర నిలబడకూడదు కూడా. పైట కొంగు, లుంగీ అంచు, మెడలో తువ్వాలు, ఇవేవీ బెల్టు దగ్గరికి వేలాడకూడదు. రేడియేటర్ ఫ్యాను కరెంటుది. దానంతట అదే ఉన్నట్టుండి తిరుగుతుంది. పెట్రోలు ఎక్కడ చెమ్మగా కనిపించినా ముందు అది ఆరాలి, తర్వాతే నిప్పురవ్వ పరీక్ష.

ఇప్పుడు అసలు పని. ముందు వినండి. సైలెన్సర్ వెనక్కి వెళ్లి ఒక పక్కగా నిలబడండి. ఒక కాగితం తీసుకుని సైలెన్సర్ మూతికి కాస్త ఎడంగా పట్టుకోండి. వచ్చే గాలి కాగితాన్ని తోస్తూ ఉంటుంది. మీరు వినాల్సింది, చూడాల్సింది ఒక్కటే. దెబ్బ తప్పడం ఒక లయలో ఉందా, లయ లేకుండా ఉందా? రెండు తోపులు, ఒక ఖాళీ, రెండు తోపులు, ఒక ఖాళీ. ఇలా వరసగా వస్తుంటే ఒకే సిలిండర్ పలకడం లేదన్నమాట. అలా కాకుండా కాసేపు బాగుండి, ఉన్నట్టుండి రెండు తప్పి, మళ్లీ బాగుండి, మళ్లీ ఒకటి తప్పుతుంటే, లోపం మూడు సిలిండర్లకీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది. పెట్రోల్లోనో, పాయింట్లలోనో, కాయిల్లోనో. మళ్లీ చెబుతున్నాను. లయగా తప్పితే ఒక్క సిలిండర్. లయ లేకుండా తప్పితే ఉమ్మడి లోపం. ఈ ఒక్క గుర్తుతో మీ వెతుకులాట సగానికి సగం తగ్గిపోతుంది.

లయగా తప్పుతోంది అనుకుందాం. మూడింటిలో ఏది? ఇంజన్‌ని స్లో స్పీడులో ఉంచండి. మొదటి ప్లగ్గు వైరు తొడుగుని పట్టకారుతో లాగండి. లాగిన వైరుని గాలిలో వదలకండి. ముందే ఒక పాత ప్లగ్గు సిద్ధంగా ఉంచుకుని, దాన్ని ఇంజన్ ఇనుముకి గట్టిగా తగిలేలా కట్టి ఉంచండి. వైరు దానికి తొడగండి. లేకపోతే ఆ వోల్టేజి దారి దొరక్క కాయిల్‌నీ, ఎలక్ట్రానిక్ భాగాలనీ చెడగొడుతుంది. ఇప్పుడు వినండి. ఇంజన్ ఇంకా కుంటుపడిందా, ఆగిపోబోయిందా? అయితే ఆ సిలిండర్ అప్పటిదాకా పని చేస్తున్నదే. వైరు తిరిగి పెట్టేయండి. రెండోది లాగండి. వినండి. మూడోది లాగండి. వినండి. ఏ వైరు లాగినప్పుడు ఇంజన్ శబ్దంలో ఏ మార్పూ రాదో, ఆ సిలిండరే పలకనిది. తీసేసినా తేడా లేదంటే, అది ముందునించే పని చేయడం లేదు కదా. ఒక్కో వైరు కొద్ది సెకన్లు మాత్రమే తీసి ఉంచండి. కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో అది కన్వర్టర్‌ని విపరీతంగా వేడెక్కిస్తుంది.

పలకని సిలిండర్ రెండోది అని తేలింది అనుకుందాం. ఇంజన్ ఆపండి. ఇక్కడే చాలామంది కొత్త ప్లగ్గు కొనడానికి పరిగెత్తుతారు. ఆగండి. మీ ఇంట్లో ఎప్పుడో చేసే ఉంటారు. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటుంది. వెలగదు. ఏం చేస్తాం? పక్కగదిలో బాగా వెలుగుతున్న లైటు స్టార్టర్ తీసి దీనికి పెడతాం. దీని స్టార్టర్ దానికి పెడతాం. ఇది వెలిగి, అది మినుకుమంటే స్టార్టర్ పోయిందని తెలిసిపోతుంది. ఏమీ మారకపోతే స్టార్టర్ మంచిదే, లోపం ఇంకెక్కడో ఉంది. పైసా ఖర్చు లేదు. కారులోనూ ఇదే చేయండి. రెండో సిలిండర్ ప్లగ్గుని మూడో దానికి పెట్టండి. మూడో దాని ప్లగ్గు రెండో దానికి పెట్టండి. అంతే. ఇంకేమీ ముట్టుకోకండి. స్టార్ట్ చేసి మళ్లీ వైర్లు లాగి చూడండి. లోపం మూడో సిలిండర్‌కి వెళ్లిపోయిందా? అయితే ప్లగ్గే కారణం. లోపం రెండో దాంట్లోనే ఉందా? ప్లగ్గు మంచిదే. దాన్ని అనుమానించడం మానేయండి.

అప్పుడు వైర్ల వంతు. రెండో వైరు, మూడో వైరు ఇటూ అటూ మార్చాలి. రెండు చివరలూ మార్చాలని గుర్తుంచుకోండి. అంటే డిస్ట్రిబ్యూటర్ మూత దగ్గర రెండో స్థానం నించి బయల్దేరేది రెండో సిలిండర్‌కే చేరాలి. వైరు మాత్రమే వేరేది. ఈ ఇంజన్లో సిలిండర్లు పేలే వరస ఒకటి, మూడు, రెండు. ఆ వరస తప్పితే కొత్త మిస్సింగ్ మీరే తెచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి వైర్లు విప్పేముందే ఒక్కోదానికి తెల్ల టేపు చుట్టి ఒకటి, రెండు, మూడు అని రాయండి. ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. మార్చాక మళ్లీ వినండి. లోపం వైరుతోపాటు వెళ్లిందా? వైరే కారణం. వెళ్లలేదా? వైరు కూడా మంచిదే. ఒకసారికి ఒక్కటే మార్చాం కాబట్టి, ఏది చెడ్డదో మనకి అనుమానం లేకుండా తెలుస్తోంది. రెండూ కలిపి మార్చి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

వైర్ల గురించి ఇంకో మంచి పరీక్ష ఉంది. రాత్రిపూట, లైట్లన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్‌ని చూడండి. వైరులో పగులుంటే, ఎలుక పంటి గాటుంటే, అక్కడ సన్నటి నీలిరవ్వలు ఎగురుతూ కనిపిస్తాయి. చిటచిటమని వినిపిస్తుంది కూడా. పగలు ఎంత వెతికినా దొరకనిది చీకట్లో ఒక్క నిమిషంలో దొరుకుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత మాత్రం పగలే, ఇంజన్ ఆపి, విప్పి లోపల చూడాలి. ఒక కొన నించి ఇంకో కొనకి వెంట్రుకలాంటి నల్లటి గీత ఉందంటే నిప్పురవ్వ ఆ దారిన పారిపోతోంది. తుడిస్తే పోదు. మూత మార్చాల్సిందే.

ప్లగ్గు మంచిది, వైరు మంచిది, మూత మంచిది. అయినా రెండో సిలిండర్ పలకడం లేదు. అప్పుడు ఒత్తిడి చూడాలి. కంప్రెషన్ గేజి మీ దగ్గర ఉండదు. మెకానిక్ దగ్గర ఉంటుంది. కానీ ఏం అడగాలో మీకు తెలియాలి. మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ కనెక్షన్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, మూడు సిలిండర్లకీ ఒత్తిడి కొలవమనండి. మూడు అంకెలూ కాగితం మీద రాయమనండి. దాదాపు ఒకేలా ఉంటే ఇంజన్ లోపల బాగున్నట్టే. ఒకటి బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. ఒత్తిడి పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తే ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. చాలాకాలం నిలబడిన కారులో ఒత్తిడి తక్కువ చూపించిందని వెంటనే ఇంజన్ విప్పించకండి. ముందు వాల్వులని తెరిచే ట్యాపెట్ల గ్యాప్ సరి చూపించండి. గ్యాప్ మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. తర్వాత రింగులకి ఇంకో రాత్రి ఆయిల్ నానబెట్టండి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, కారుని కొన్నాళ్లు నిదానంగా నడపండి. అతుక్కున్న రింగులు, బిగుసుకున్న వాల్వులు నడవగా నడవగా వదులవడం ఉంది. మళ్లీ కొలిపించండి. అంకె పెరుగుతుంటే ఇంజన్ కోలుకుంటోంది. పెరగకపోతే అప్పుడు విప్పించవచ్చు.

ఇప్పుడు రెండో దారి. మిస్సింగ్ లయ లేకుండా వస్తోంది అనుకుందాం. ముందు పెట్రోలు. ఇంజన్ చల్లారాక, గొట్టం విప్పి, కొంచెం పెట్రోలు గాజుసీసాలోకి పట్టండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, పొయ్యి, దీపం ఏదీ ఉండకూడదు. సీసాని కదపకుండా ఒక గంట ఉంచండి. అడుగున వేరే పొర తేరిందా? నీళ్లు దిగాయి. రంగు ముదిరి ఉందా? తుప్పు నలక ఉందా? ఏది కనిపించినా ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాల్సిందే. పాతదాని మీద కొత్తది పోస్తే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. జిగురూ నీళ్లూ కింద అలాగే ఉంటాయి. తీసిన పెట్రోలు మురుగుకాలవలో పోయకండి, మొక్కల మొదట్లో పోయకండి. వర్క్‌షాపుకి ఇవ్వండి. పెట్రోలు ఫిల్టర్ కొత్తది వేయండి. కొద్దిరోజుల తర్వాత దాన్ని మళ్లీ చూడండి. ట్యాంకు తుప్పు అందులోకే చేరుతుంది.

పెట్రోలు శుభ్రంగా ఉంది. అయినా స్లో స్పీడులో తప్పుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటోంది. అలాంటప్పుడు నా మొదటి అనుమానం స్లో స్పీడు జెట్టు మీద. రెండో అనుమానం గాలి గొట్టాల మీద. ఇంజన్ నించి బయల్దేరే సన్నటి రబ్బరు గొట్టాలు ఎండిపోయి పగులుతాయి. ఆ పగులులోంచి లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. చెవి పెడితే సన్నగా ఈల వినిపిస్తుంది. ఒక్కో గొట్టాన్నీ మొదట్లో నొక్కిపట్టి చూడండి. ఏది నొక్కితే ఇంజన్ సర్దుకుంటుందో ఆ గొట్టమే పగిలింది. చోక్ మీట ఉన్న కారులో ఇంకా తేలిక. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చోక్ కొద్దిగా లాగండి. మిస్సింగ్ తగ్గిందంటే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది. ఇంకా ఎక్కువైందంటే పెట్రోలు ఇప్పటికే ఎక్కువవుతోంది. కార్బొరేటర్ గిన్నెలోకి పెట్రోలు రాకుండా ఆపే ఫ్లోటు సూది సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి.

దీనికి తిరగేసి కూడా ఉంటుంది. స్లో స్పీడులో చక్కగా ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు తప్పుతుంది. అప్పుడు పరుగు జెట్టు, ఫిల్టర్, పెట్రోలు పంపులో గట్టిపడిన రబ్బరు పొర, వీటిని చూడాలి. నిప్పురవ్వ బలహీనంగా ఉన్నా బరువు మీదే బయటపడుతుంది. రవ్వ నీలంగా, చిటుక్కుమంటూ రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే పాయింట్లు చూడండి. నిలబడిన కారులో పాయింట్ల మీద కంటికి కనపడీ కనపడని పొర కట్టి ఉంటుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, గ్యాప్ సరిచేస్తే చాలాసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది. గ్యాప్ మార్చినప్పుడల్లా టైమింగ్ కూడా చూడాలి. పాయింట్ల దగ్గర నిప్పులు మరీ ఎక్కువగా ఎగురుతుంటే కండెన్సర్ పోయిందని అర్థం.

ఇంజెక్షన్ వచ్చిన తర్వాతి కార్ల గురించి రెండు మాటలు. వాటిలో స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పి 0301 అంటే ఒకటో సిలిండర్ తప్పుతోంది. పి 0302 అంటే రెండోది. పి 0300 అంటే ఏదని చెప్పలేకుండా తప్పుతోంది. చూశారా, లయగానా, లయ లేకుండానా అని మనం చెవితో విన్నదే అది అంకెలో చెబుతోంది. కానీ ఆ కోడ్ ఏ సిలిండరో చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ ఒక్కొక్కటిగా పక్క సిలిండర్‌తో మార్చి చూసే పని అక్కడా తప్పదు.

చివరగా, చాలామందిని తికమకపెట్టే సంగతి. ఏళ్ల తరబడి నిలబడిన కారులో ఒకే లోపం ఉండడం అరుదు. తేమ ఒకదాన్ని మాత్రమే ఎంచుకుని పాడు చేయదు కదా. ఒక ప్లగ్గు వైరు ఎలుక కొరికి ఉంటుంది. అదే కారులో స్లో స్పీడు జెట్టు కూడా మూసుకుపోయి ఉంటుంది. వైరు మారుస్తారు. మిస్సింగ్ పోదు. "వైరు కాదన్నమాట" అనుకుని కొత్త వైరు తీసి పాతదే పెట్టేస్తారు. అక్కడ దారి తప్పుతుంది. మిస్సింగ్ పోయిందా లేదా అన్నది కాదు, మారిందా లేదా అన్నది చూడాలి. ఇందాక లయగా తప్పేది, ఇప్పుడు లయ లేకుండా తప్పుతోంది. అంటే మొదటి లోపం పోయింది, రెండోది బయటపడింది. కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏం మార్చారు, మార్చకముందు ఎలా ఉంది, మార్చాక ఎలా ఉంది, రాయండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఆ పుస్తకం పట్టుకెళ్లండి. "బండి మిస్సింగ్ వస్తోంది, చూడు తమ్ముడూ" అనడానికీ, "రెండో సిలిండర్ పలకట్లేదు తమ్ముడూ, ప్లగ్గూ వైరూ మార్చి చూశాను, ఒత్తిడి కొలుస్తావా" అనడానికీ చాలా తేడా ఉంది. మంచి మెకానిక్ ఆ మాట విని సంతోషిస్తాడు. తన పని సగం అయిపోయింది కాబట్టి.

అన్నీ కుదిరాక కారుని ఒక అరగంట బయట రోడ్డు మీద నడపండి. ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి మూడు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో కలవకుండా వరసగా కాగితం మీద పెట్టండి. మూడింటి కొనలూ లేత గోధుమరంగులో ఒకేలా ఉన్నాయా? బాగుంది, బిగించేయండి. ఒకటి మాత్రం నల్లగా మసిబారి, లేదా ఆయిల్‌తో తడిగా ఉందా? ఆ సిలిండర్ దగ్గర ఇంకా పని మిగిలి ఉంది. మూడూ తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలడం లేదు. మళ్లీ కార్బొరేటర్ దగ్గరికి, గాలి గొట్టాల దగ్గరికి వెళ్లండి.